లైసోజైమ్ ట్రీలో గుర్రం కోడి కన్నా దూరం పోయింది, ఎక్కడ తప్పు చేశాను?

పల్లికాయ:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టు చిన్నదే, ఒక ప్రొటీన్ తీసుకుని రకరకాల జంతువుల్లో దాని సీక్వెన్సులు (అమైనో ఆమ్లాల వరుసలు) పోల్చి, ఎవరికి ఎవరు దగ్గరో ట్రీ గీసి చూపించాలి. సైటోక్రోమ్ సి, హిమోగ్లోబిన్ లాంటివన్నీ ముందే వేరేవాళ్లు ఎగరేసుకుపోయారు, నాకు లైసోజైమ్ మిగిలింది. కన్నీళ్లలో, ఉమ్మిలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండి బ్యాక్టీరియా గోడను కోసేసే ఎంజైమ్ కదా, ఉన్నవే 130 అమైనో ఆమ్లాలు, రెండు రోజుల్లో అయిపోతుందిలే అనుకున్నాను. మూడు వారాలైంది.

ఏడు సీక్వెన్సులు తీసుకున్నా: మనిషి, బబూన్, కొండముచ్చు, ఎలుక, ఆవు (పొట్టలోది), గుర్రం (పాలలోది), కోడి. మెగా అనే సాఫ్ట్‌వేర్‌లో అలైన్ చేసి (గడికి గడి సరిపోయేలా ఒకదాని కింద ఒకటి పేర్చి), తేడాల లెక్కతో ట్రీ కట్టే నైబర్ జాయినింగ్ పద్ధతిలో ట్రీ వేశాను. కోడి పక్షి కాబట్టి ఔట్‌గ్రూప్ (అన్నిటికన్నా ముందే విడిపోయి బయట ఉండేది) అదే అవుతుందని ధీమాగా ఉన్నా. తీరా చూస్తే మనిషికీ కోడికీ 60 శాతం దాకా పోలిక ఉంది, మనిషికీ గుర్రానికీ సగమే! 130లో 64 తేడాలు. ఆవుకీ గుర్రానికీ అయితే 71. రెండూ గిట్టల జంతువులే కదా, పక్కపక్కన ఉంటాయనుకున్నవి రెండు కొసల్లో ఉన్నాయి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొండముచ్చు, బబూన్ రెండూ కోతి జాతులే, కానీ ఆవు నుంచి బబూన్‌కు 39 తేడాలు, కొండముచ్చుకు 32. అంటే కొండముచ్చు ఆవు వైపు జరిగినట్టుంది. ఇది మా మేడమ్‌కి చూపిస్తే "గుర్రం తీసెయ్, ట్రీ నీట్‌గా వస్తుంది" అన్నారు. తీసేస్తే వస్తుంది నిజమే, కానీ వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగితే ఏం చెప్పాలి? వచ్చే గురువారమే వైవా, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఎక్కడ తప్పు చేశానో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు:

తమ్ముడూ, ముందు నీ సీక్వెన్సులున్న ఆ ఫాస్టా ఫైల్ తెరిచి ఒక్కో సీక్వెన్సు పొడవు ఎంతుందో చెప్పు. చాలామంది అక్కడే పడతారు.

పల్లికాయ:

మనిషి 148, కోడి 147, ఆవు 129, మిగతావి 129, 130 దగ్గర ఉన్నాయి అన్నా. ఇందాక రాసేటప్పుడు అన్నీ 130 అనుకున్నా, సారీ.

గోదారి గట్టు:

అనుకున్నా. మనిషిది, కోడిది కణంలో తయారైనప్పటి పూర్తి రూపం తీసుకున్నావు. వాటి మొదట్లో 18 అమైనో ఆమ్లాల సిగ్నల్ పెప్టైడ్ ఉంటుంది, ప్రొటీన్‌ను కణం బయటికి పంపేందుకు వేసిన అడ్రస్ చీటీ లాంటిదన్నమాట, పని అయ్యాక తెగిపోతుంది. మిగతావన్నీ ఆ ముక్క తెగిపోయాక మిగిలినవి. కత్తిరించి అన్నిటినీ ఒకే చోట మొదలయ్యేలా చెయ్యి. లైసోజైమ్ అయితే మనిషిది కే-వి-ఎఫ్ (అమైనో ఆమ్లాల ఒక్కక్షరం గుర్తులు) అని మొదలవుతుంది, అది గుర్తు పెట్టుకో.

అయితే దీనివల్ల నీ గుర్రం ఇంటికి రాదు. గ్యాప్ ఉన్న గడులన్నీ వదిలెయ్యమని మెగాకు చెప్పి ఉంటే ఆ 18 ఎలాగూ లెక్కలోకి రాలేదు, ట్రీ పెద్దగా మారదు. కానీ నంబర్లు మారతాయి. పుస్తకాల్లో 75వ స్థానం అని ఉన్నది నీ అలైన్‌మెంట్‌లో 93 అయి కూర్చుంటుంది, అప్పుడు వైవాలో నవ్వులపాలు. నేను అలా ఒకసారి అయ్యాను కాబట్టి చెప్తున్నా.

ఇంకోటి, కొండముచ్చు సీక్వెన్సు వెతికేటప్పుడు పాత రికార్డుల్లో ప్రెస్బిటిస్ ఎంటెల్లస్ అని, కొత్తవాటిలో సెమ్నోపిథెకస్ ఎంటెల్లస్ అని ఉంటుంది. రెండూ ఒకటే. రెండు జాతులనుకుని రెండూ పెట్టేస్తే ట్రీలో కొండముచ్చు పక్కన కొండముచ్చే వచ్చి, బూట్‌స్ట్రాప్ (ఆ కొమ్మను ఎంత నమ్మొచ్చో వందకు చెప్పే మార్కు) 100 వచ్చిందని సంబరపడతావు.

సీతాఫలం:

గుర్రం సంగతి నేను చెప్తాను, పీహెచ్‌డీలో రెండేళ్లు ఇలాంటి జీన్ కుటుంబాలతోనే కుస్తీ పట్టాను. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు తప్పు చేయలేదు, కానీ ఒక ప్రశ్న వేసుకోలేదు: నేను పోల్చేవన్నీ ఒకే జీనా? పేరు లైసోజైమ్ అని ఉన్నంత మాత్రాన ఒకటే అయిపోదు. ఇలా ఆలోచించు. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరుతో అన్నదమ్ములిద్దరు ఉన్నారు, పెద్దాయన వంశం, చిన్నాయన వంశం అని రెండు కొమ్మలు పెరిగాయి. చాలా తరాల తర్వాత ఆ ఊరు రెండు ఊళ్లుగా విడిపోయింది, రెండు వంశాల వాళ్లూ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. ఇప్పుడు ఊళ్లు ఎప్పుడు విడిపోయాయో తెలుసుకోవాలని నువ్వు ఈ ఊళ్లో పెద్దాయన మునిమనవణ్ణీ, ఆ ఊళ్లో చిన్నాయన మునిమనవణ్ణీ పట్టుకుని వాళ్లు కలిసే తాత దాకా వెనక్కి వెళ్తే, నీకు దొరికేది అన్నదమ్ములు విడిపోయిన తేదీ. ఊళ్లు విడిపోయిన తేదీ కాదు. ఇంటిపేరు ఒకటే కదా అని మోసపోతాం.

గుర్రం పాలలో ఉండే లైసోజైమ్ కాల్షియంను పట్టుకునే రకం. మనిషిది, ఆవు పొట్టలోది, కోడిది పట్టుకోవు. కుక్క పాలలోది పట్టుకుంటుంది, పావురం గుడ్డు తెల్లసొనలోది పట్టుకుంటుంది, గుడ్లు పెట్టే క్షీరదం ఎకిడ్నా పాలలోది కూడా పట్టుకుంటుంది. పక్షుల్లోనూ క్షీరదాల్లోనూ రెండు రకాలూ కనిపిస్తున్నాయంటే ఈ చీలిక చాలా పాతది అయి ఉండాలి. అందుకే కోడిని కళ్లు మూసుకుని ఔట్‌గ్రూప్‌గా పెట్టడం కూడా ప్రమాదమే. పక్షి కాబట్టి బయట ఉండాలన్నది జంతువుల చెట్టుకు సరే. నీ దగ్గర ఉన్నది జీన్ల చెట్టు. నైబర్ జాయినింగ్ ఇచ్చే ట్రీకి నిజానికి వేరు ఉండదు, మెగా దాన్ని ఏదో ఒక చోట పట్టుకుని గీసి చూపిస్తుంది, అంతే. వేరు ఎక్కడుందో నిర్ణయించాల్సింది నువ్వు.

ఈ కుటుంబంలో ఇంకో వింత చుట్టం కూడా ఉంది, ఆల్ఫా లాక్టాల్బుమిన్. లైసోజైమ్ జీనే ఒకప్పుడు రెండు కాపీలై, అందులో ఒకటి బ్యాక్టీరియాను కోయడం మానేసి పాలలో లాక్టోస్ తయారీలో సాయపడే ప్రొటీన్‌గా మారింది. 123 అమైనో ఆమ్లాలు, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, ఆకారం అచ్చం లైసోజైమ్‌దే, అది కూడా కాల్షియంను పట్టుకుంటుంది. బ్లాస్ట్ చేసేటప్పుడు (డేటాబేస్‌లో పోలిక ఉన్న సీక్వెన్సులు వెతికేటప్పుడు) అది కూడా లిస్టులోకి దూరుతుంది. మీద పేరు చదవకుండా దించుకుంటే అంతే సంగతులు.

కాబట్టి గుర్రాన్ని తీసెయ్యకు. దాని పక్కన కుక్క పాల లైసోజైమ్ పెట్టు, ఆల్ఫా లాక్టాల్బుమిన్ ఒకటి రెండు పెట్టు, ట్రీ మళ్లీ వేసి చూడు. మీ మేడమ్ చెప్పింది పని తొందరగా అవ్వాలని చెప్పి ఉంటారు, ఆవిడని తప్పుపట్టను, కానీ నచ్చని చుక్కను చెరిపేసి గీత నిటారుగా ఉందనడం నాకు నచ్చదు.

నెమరువేత:

నేను పశువుల డాక్టర్ని, ట్రీలు గీయడం రాదు, కానీ కొండముచ్చు, ఆవు అనేసరికి ఆగలేకపోయాను. పల్లికాయ గారూ, ఆ రెండూ ఏం తింటాయో, ఎలా అరిగించుకుంటాయో ఆలోచించారా?

ఆవు పొట్టలో నాలుగు గదులు. మొదటి పెద్ద సంచిలో మేతను పులియబెట్టేది ఆవు కాదు, బ్యాక్టీరియా. అవి గడ్డి తిని పెరుగుతాయి, పెరిగినవి మేతతో పాటు కిందికి జారి నాలుగో గదిలోకి వస్తాయి. అసలైన జీర్ణాశయం అదే, ఆమ్లం ఉండేది అక్కడే. అక్కడ ఆవు ఆ బ్యాక్టీరియానే తినేస్తుంది. వాటి గోడ పగిలితేనే లోపలి నత్రజని, భాస్వరం ఆవుకు అందుతాయి, ఆ గోడ పగలగొట్టేది లైసోజైమ్. అంటే మన కంట్లో కాపలా కాసే ఎంజైమ్ ఆవు పొట్టలో వంటమనిషి అయింది. ఆవుకు దాదాపు 10 లైసోజైమ్ జీన్లు ఉన్నాయని చదివాను, మనకు ఆ మామూలుది ఒక్కటే.

కొండముచ్చు నెమరు వేయదు, కానీ ఆకులు తింటుంది, దానికీ పొట్ట ముందు భాగం సంచులు సంచులుగా ఉండి అందులో ఆకులు పులుస్తాయి. బబూన్‌కు ఆ ఏర్పాటు లేదు. ఇక గుర్రం కూడా గడ్డే తింటుంది కానీ దానికి మేత పులిసేది పొట్ట దాటాక, వెనక పేగుల్లో. బ్యాక్టీరియా తయారయ్యేసరికి జీర్ణాశయం వెనకబడిపోయింది, ఇంక అక్కడ లైసోజైమ్ పోసి ఏం లాభం. గుర్రపు లద్దె, ఆవు పేడ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది, లద్దెలో పీచు పీచుగానే ఉంటుంది.

మా దగ్గర ఊళ్లలో కోతుల బెడదకు కొండముచ్చును తెచ్చి తిప్పేవాళ్లు, ఇప్పుడు చాలాచోట్ల దాని బొమ్మ ఫ్లెక్సీ కట్టి సరిపెడుతున్నారు. పొట్ట విషయంలో మాత్రం అది కోతి కన్నా మా ఆవుకే చుట్టం అని రైతులకు చెప్తే నమ్మరు.

పల్లికాయ:

డాక్టర్ గారూ, సూపర్ సార్! కానీ ఒక డౌట్. తినే తిండి ఒకటైతే ప్రొటీన్ కూడా ఒకేలా ఎలా అవుతుంది? అసలు ఆ 39, 32 తేడా ఊరికే అలా వచ్చి ఉండొచ్చు కదా, ఏడు తగ్గితే అంత పెద్ద విషయమా?

సీతాఫలం:

మంచి అనుమానం. నీ దగ్గరున్న అంకెలతోనే తేల్చొచ్చు. మనిషిని మధ్యలో పెట్టి చూడు. బబూన్‌కు మనిషికి 14 తేడాలు, కొండముచ్చుకు మనిషికి 18. అంటే కోతులు రెండూ విడిపోయాక కొండముచ్చు లైసోజైమే ఎక్కువ మారింది. ఎక్కువ మారినది ఎటుపడితే అటు మారి ఉంటే ఆవు నుంచి కూడా ఇంకా దూరం జరగాలి కదా. అది దగ్గరైంది. మార్పులు ఎక్కువ, పైగా ఆవు వైపు. ఇది ఊరికే వచ్చింది కాదేమో అని అనుమానం పుట్టాల్సింది అక్కడ.

ఇప్పుడు ట్రీ పక్కన పెట్టి అలైన్‌మెంట్‌ను గడి గడిగా చూడు (సిగ్నల్ ముక్క కత్తిరించాకే సుమా). 14, 21 స్థానాల్లో మనిషికి, బబూన్‌కు ఆర్జినిన్ ఉంటే కొండముచ్చుకు, ఆవుకు లైసిన్. 50వ చోట మనిషికి ఆర్జినిన్, బబూన్‌కు గ్లుటమిన్, ఈ ఇద్దరికీ గ్లుటమిక్ ఆమ్లం. 75వ చోట మనిషికి, బబూన్‌కు ఆస్పరజిన్, ఈ ఇద్దరికీ ఆస్పార్టిక్ ఆమ్లం. 87కి వస్తే సరిగ్గా తిరగబడుతుంది, వాళ్లకు ఆస్పార్టిక్ ఆమ్లం, వీళ్లకు ఆస్పరజిన్. ఎంజైమ్ పని చేసే 35, 53 స్థానాలు మాత్రం అందరిలోనూ అలాగే ఉన్నాయి, కత్తి అదే, పిడి మారింది.

దీన్ని 1987లో నేచర్ పత్రికలో స్టీవర్ట్, షిల్లింగ్, అలన్ విల్సన్ రాశారు. హనుమాన్ లంగూర్ అంటే మన కొండముచ్చే, దాని పొట్టలోంచి తీసిన లైసోజైమే. పొట్టలో పనిచేసే ఈ లైసోజైములు పీహెచ్ 5 దగ్గర బాగా పనిచేస్తాయి, కన్నీటిలాంటి చోట్లవి 7 దగ్గర. జీర్ణరసాల్లో తానే అరిగిపోకుండా నిలబడాలి కూడా. ఒక పని చెయ్యి, ఆర్జినిన్లు లెక్కపెట్టు. మనిషి లైసోజైమ్‌లో 14, బబూన్‌లో 8, కొండముచ్చులో 6, ఆవులో ఇంకా తక్కువ. ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ ప్రొటీన్లను కోసేది ఆర్జినిన్, లైసిన్‌ల దగ్గరే, పైగా పులిసినప్పుడు పుట్టే డైఅసిటైల్ అనే రసాయనం ఆర్జినిన్‌ను పట్టి పాడుచేస్తుంది. అందుకే అది తగ్గడం లాభం అని వాళ్ల వాదన. నన్నడిగితే బబూన్‌లో 8 ఎందుకుందో ఆ వాదన ఒక్కటే చెప్పలేదు, ఆకులు పులియబెట్టని కోతికి కూడా తగ్గాయి కదా. ఎక్స్‌టర్నల్ తెలివైనవాడైతే అక్కడే పట్టుకుంటాడు, సిద్ధంగా ఉండు.

దక్షిణ అమెరికాలో హోట్సిన్ అని ఆకులు తినే పక్షి ఉంది, దాని గొంతు సంచిలో మేత పులుస్తుంది, దాని లైసోజైమ్‌లోనూ ఇలాంటి మార్పులే కొన్ని కనిపించాయని 1994లో తేలింది. తమాషా ఏంటంటే అది వాడుకున్నది పావురంలో ఉన్నలాంటి కాల్షియం రకం కాపీని. అంటే వేరే వంశం వాడు అదే ఉద్యోగంలో చేరి అదే యూనిఫాం వేసుకున్నాడు.

గోదారి గట్టు:

సీతాఫలం అక్కా, చిన్న సవరణ. కుర్రాడు ఇదంతా చదివి ట్రీలో కొండముచ్చు, ఆవు ఒకే కొమ్మ మీద ఉన్నాయని రాసేస్తాడేమోనని భయం. అలా లేవు. కొండముచ్చుకు బబూన్‌తో తేడాలు 14, ఆవుతో 32. ట్రీ వేస్తే కొండముచ్చు హాయిగా కోతుల్లోనే ఉంటుంది, ఉండాలి కూడా. దాదాపు 130 గడుల్లో అయిదారు గడులు మాత్రమే ఆవు పాట పాడుతున్నాయి, మిగతావన్నీ కోతి పాటే. ట్రీ అన్ని గడుల ఓట్లూ కలిపి చెప్తుంది, కొన్ని గడులు ఎదురు తిరిగితే అందులో కనిపించదు.

అలా ఓటింగే తారుమారైన కేసు కావాలంటే ప్రెస్టిన్ చూడు, చెవిలో ఉండే ప్రొటీన్. శబ్దం వదిలి ప్రతిధ్వనితో దారి వెతుక్కునే గబ్బిలాలూ డాల్ఫిన్లూ ఆ ప్రొటీన్ ట్రీలో ఒకే గుంపుగా వచ్చాయి, 2010లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. అక్కడ కూడా అమైనో ఆమ్లాన్ని మార్చని డీఎన్ఏ మార్పులతో ట్రీ వేస్తే ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు.

సీతాఫలం:

సరిగ్గా చెప్పావు, నేను రాయాల్సింది. పల్లికాయా, రెండు కేసులూ కలిపేయకు. గుర్రం వేరే కాపీ కాబట్టి దూరం. కొండముచ్చుది ఆ మామూలు కాపీయే, పని మారింది కాబట్టి కొన్ని గడుల్లో ఆవులా అయింది. రెండిటికీ ఒకే సమాధానం చెప్తే అయిపోయావు.

పల్లికాయ:

అందరికీ అప్‌డేట్. సిగ్నల్ పెప్టైడ్లు కత్తిరించి, కుక్క పాల లైసోజైమ్, ఆవు ఆల్ఫా లాక్టాల్బుమిన్ కలిపి మళ్లీ వేశాను. గుర్రం వెళ్లి కుక్క పక్కన కూర్చుంది! బూట్‌స్ట్రాప్ కూడా బాగానే ఉంది. ఆర్జినిన్లు నోట్‌బుక్‌లో పెన్నుతో చుట్టి లెక్కపెట్టాను, కొండముచ్చుకి నిజంగానే 6. మేడమ్‌కి చూపిస్తే కాసేపు చూసి "ఇదే పెట్టు" అన్నారు, గుర్రం ఊసెత్తలేదు.

నిన్ననే వైవా అయింది. ఎక్స్‌టర్నల్ సార్ మొదటి ప్రశ్నే "కోడిని ఎందుకు ఔట్‌గ్రూప్‌గా పెట్టలేదు?" ఊళ్లు, అన్నదమ్ముల కథ చెప్పాను, నవ్వారు. బబూన్‌కు 8 ఎందుకని అడగలేదు, బతికిపోయాను. "మరి ఆవు ఒక్కటే పెట్టావు, మిగతా నెమరు వేసేవాటి సంగతేంటి?" అన్నారు, దానికి నోరు పెగల్లేదు.

నెమరువేత:

గొర్రె చూడండి. మా ఆస్పత్రికి వచ్చే వాటిల్లో సగం అవే.

పల్లికాయ:

దించాను సార్. ఒకటి కాదు, గొర్రె పేరుతో కూడా ఒకటికి మించి కాపీలు వచ్చాయి. ఈసారి ట్రీ వేసే ముందు ఏది పొట్టలోదో, ఏది కాదో ఒక్కోటి తెరిచి చదువుతున్నా.